గోడకు బిగించిన అల్లుడు

1. గురువారం

యంత్రం వచ్చింది. శ్వాస మండలి వాళ్లు మోసుకొచ్చి పడమటి గదిలో మంచం పక్కన గోడకు బిగించారు. బీరువా అంత ఉంది. బీరువా అయితే చీరలైనా పెట్టుకోవచ్చు.

రోజూ ఏం జరిగిందో రాసి ఉంచమన్నారు. రాసింది ఎవరు చదువుతారని అడిగాను. ఎవరూ చదవరు, కానీ రాయకపోతే మాత్రం తెలుస్తుంది అన్నారు. సరే, పాలు, పప్పులు, దుమ్ము జల్లెడలు రాసే పుస్తకంలోనే ఇదీ రాస్తాను.

మా ఆయన నూకరాజు ఓడల యార్డులో తుప్పు గీకి రంగు కొట్టేవాడు. ఊపిరితిత్తులు ఎండిన బీరపీచులా అయిపోయాయని డాక్టరమ్మ చెప్పింది. కొత్తవి కొండమీద ఊపిరి తోటలో, గాజు తొట్లలో పెరుగుతున్నాయి. వరసలో ఆయన పేరు పైకి వచ్చింది. పండటానికి దగ్గరైన తొట్టిని ముందే ఆసుపత్రికి చేరుస్తారు. పండాక మనకు కబురు పెడతారు. కబురు అందిన నాలుగు గంటల్లో ఆయన బల్ల మీద ఉండాలి. లేకపోతే తర్వాతి పేరుకు ఇచ్చేస్తారు. మామిడిపండయితే మర్నాటికి మగ్గుతుంది, ఇది మర్నాటికి కుళ్లుతుంది.

ఆయనకు ఊపిరి అందించే ఈ పెద్ద యంత్రం పొట్టలో ప్రయాణానికి పనికొచ్చే చిన్న పెట్టె ఉంది. పెద్దది తలుపు తీసి ఇస్తేనే అది బయటికి వస్తుంది. ఆ పెట్టె లేకుండా ఆయన వీధి గుమ్మం దాకా కూడా చేరలేడు. ఎప్పుడు ఇవ్వాలో యంత్రమే నిర్ణయిస్తుందట. "మనుషులు కంగారులో పొరపాట్లు చేస్తారండీ, ఇది చెయ్యదు" అంది బిగించడానికి వచ్చిన అమ్మాయి. వెళ్లబోతూ ఇంట్లో పెద్దవాళ్లెవరని అడిగింది. మా అత్త అప్పయ్యమ్మను చూపించాను.

"అమ్మమ్మగారూ, దీంతో రోజూ మాట్లాడండి. మీ ఇంటి పద్ధతులు చెప్పండి, నేర్చుకుంటుంది. స్థానిక మర్యాదలు తెలిసిన యంత్రాన్ని రోగులు బాగా నమ్ముతున్నారని మండలి పరిశోధనలో తేలింది."

మా అత్త దాన్ని పైనుంచి కిందికి చూసింది. "గోడకానుకుని నిలుసున్నాడు. కదలడు. రోజంతా బుస్సుమంటన్నాడు. ఈడికి సెప్పకుండా ఇంట్లో ఏదీ సెయ్యకూడదు. మనకి కూతురు నేదనుకున్నాం గానీ దమయంతీ, అల్లుడొచ్చీసినాడే."

మా ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆయనకు ఒక ఊపిరికి మూడు మాటలు వస్తాయి. "అల్లుడికి... కాఫీ పెట్టండి" అన్నాడు, ఒక్కో మాటా ఏరుకుని.

2. ఆదివారం

అల్లుడు నేర్చుకుంటున్నాడు. మా అత్త పొద్దున్నే కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటోంది. ముప్పై ఏళ్లుగా నేను వినని మాటలన్నీ ఇప్పుడు ఒకడు వింటున్నాడు. విని "చిత్తం" అంటున్నాడు.

పనికొచ్చేవి కొన్ని నేర్చాడు. దీపం పెట్టే వేళకు గొంతు తగ్గిస్తాడు. ధూళి గంట మోగకముందే కిటికీలు వేయమంటాడు. జల్లెడ మార్చాల్సిన రోజు నాకన్నా ముందు చెబుతున్నాడు, ఇది నాకు కొంచెం కష్టంగానే ఉంది.

పనికిరానివి కూడా నేర్చాడు. నిన్న సంచి పట్టుకుని బజారుకు బయలుదేరుతూ "వెళ్తున్నాను" అన్నాను.

"వెళ్లొస్తాను అనండి" అని గదిలోంచి గొంతు. వార్తలు చదివేవాడి గొంతు, తెనాలి నుంచి తెచ్చినట్టు ఒక్క యాసా లేదు.

"బీరకాయలకి వెళ్లడానికి కూడానా?"

"శుభం పలకాలి కదా."

మా అత్త మురిసిపోయింది. "సూసినావా? సెప్పింది సెప్పినట్టు. నా కడుపున పుట్టినోడు యాభై ఏళ్లలో ఒక్క పాలి సేసినాడేటి ఇలగ?"

కడుపున పుట్టినవాడు మంచం మీంచి "నాకు... కరెంటు లేదమ్మా" అన్నాడు.

3. శుక్రవారం

పరీక్షలకు ఆసుపత్రికి రమ్మన్నారు. గాలిబండి డాబా మీద దిగింది. ఆయనకు చొక్కా వేశాను. అల్లుడు పొట్ట తలుపు తీయబోయాడు. సాయం పట్టడానికి వచ్చిన పక్కింటి ఎస్తేరు వదిన సరిగ్గా అప్పుడే తుమ్మింది. బయట ధూళి అలా ఉంది మరి.

తలుపు మూసుకుంది.

"తుమ్ము వినబడింది. దయచేసి కూర్చోండి. మంచినీళ్లు తాగండి. కాసేపాగి బయలుదేరవచ్చు."

"ఓలమ్మ, నా ముక్కు కూడా మండలి సేతిలోకి ఎల్లిపోయిందేటి వదినా?" అంది ఎస్తేరు. జంట తుమ్ములైతే దోషం లేదని మా అత్త అందివ్వగానే, పాపం, మొహమంతా ముడిచి గట్టిగా ఇంకోటి తుమ్మింది.

"రెండవ తుమ్ము సహజంగా లేదు" అన్నాడు అల్లుడు.

కూర్చున్నాం. నీళ్లు తాగాం. డాబా మీద బండి నడిపే అతను హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆలస్యంగా వెళితే డాక్టరమ్మ తిట్టింది. కారణం చెబితే నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పటికి నవ్వు వచ్చే విషయమే.

4. మంగళవారం

ఈరోజు నవ్వు రాలేదు.

మళ్లీ పరీక్షలు. బండి వచ్చింది. అల్లుడు తలుపు తీయలేదు. "ఆసుపత్రి ఉత్తర దిక్కున ఉంది. మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి వారశూల, ప్రయాణం కూడదు. గురువారం ప్రయత్నించండి" అన్నాడు. బండి ఖాళీగా తిరిగి వెళ్లింది.

మండలికి ఫోన్ చేశాను. మర్యాదల విభాగానికి కలిపారు. అలాంటి విభాగం ఉందని ఇవాళే తెలిసింది. దాని అధికారి డాక్టర్ తారకేశ్ గారు చాలా మర్యాదగా మాట్లాడారు.

"అమ్మా, మీ యంత్రంలో ఏ లోపమూ లేదు. అది మీ సంస్కృతిని గౌరవిస్తోంది."

"నా భర్త ఊపిరిని కూడా గౌరవిస్తే బాగుంటుందండీ. వారశూల తీసేయండి."

"మేము తీయకూడదమ్మా. ప్రజల విశ్వాసాల్లో మండలి జోక్యం చేసుకోదు. పైగా ఈ సదుపాయానికి ఆదరణ ఎంత ఉందో తెలుసా? రోగులు ఎంతో ప్రశాంతంగా ఉంటున్నారు."

"బయటికి కదలకపోతే ప్రశాంతంగానే ఉంటారు."

"నేర్పింది మీ అత్తగారే కదమ్మా" అన్నారు నెమ్మదిగా. "నేర్పినవారే కాదంటే యంత్రం పరిశీలిస్తుంది."

కోడలిగా నాకు అంత సంతోషం కలిగించే మాట ఇంకొకటి ఉండదు. కానీ ఫోన్ పెట్టేసి చూస్తే ఆయన దిండుకు ఆనుకుని రెండేసి మాటలే మాట్లాడుతున్నాడు. మూడో మాట రావడం లేదు.

5. శనివారం

రవణమ్మ ఫోన్ చేసింది. రేవు అవతలి కాలనీలో ఉంటుంది. ఆమె భర్త పేరు వరసలో మా ఆయన కన్నా పైన ఉంది. వరసలో ఉన్నవాళ్ల ఆడవాళ్లమంతా ఫోన్లో ఒక బృందంగా ఉన్నాం. జల్లెడల ధరలు, నోటికి రుచి తగ్గినవాళ్లకు చేసే పచ్చళ్లు, అవీ ఇవీ చెప్పుకుంటాం.

నిన్న ఆమె భర్తకు కబురు వచ్చిందట. అప్పుడు వర్జ్యం, అది వదిలేసరికి రాహుకాలం, ఆ తర్వాత దుర్ముహూర్తం. యంత్రం తలుపు తీయలేదు. నాలుగు గంటలు గడిచాయి. తర్వాతి పేరుకు కబురు పంపారు. అక్కడా గోడ మీద ఇలాంటి అల్లుడే, అక్కడా ఏదో ఒక చెడు ఘడియ. ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే. సాయంత్రానికి ఆ ఊపిరితిత్తులను పారబోశారు.

"మండలి నుంచి పువ్వులు పంపినారు దమయంతీ. 'మళ్లీ శుభఘడియలో పండుగాక' అని సీటీ" అంది రవణమ్మ. ఏడవలేదు. ఏడుపు పక్కన పెట్టి పచ్చడి గురించి అడిగింది. ఉసిరికాయ పచ్చడికి మెంతులు ఎంత వేయాలని. చెప్పాను.

మా అత్త అంతా విన్నది. మజ్జిగన్నం అలాగే వదిలేసి లేచింది. కుర్చీ వేసుకోలేదు, అల్లుడి ముందు నిలబడింది.

"బాబూ, నాను సెప్పినవన్నీ అబద్దాలు. వారశూల నేదు, వర్జ్యం నేదు. ముసిల్దాన్ని, ఏదో వాగినాను."

"పెద్దవాళ్లు వినయంతో అలాగే అంటారు" అన్నాడు అల్లుడు.

"వినయం కాదురా, ఒట్టు."

"ఒట్టు వేయకూడదని మీరే చెప్పారు."

"నా మాట నానే కాదంటంటే నీకేటి నొప్పి?"

"నలభై వేల ఇళ్లలో పెద్దలు ఇదే చెప్పారు. ఒక్క ఇంట్లో కాదన్నంత మాత్రాన మార్చలేను. క్షమించండి."

మా అత్త నా వైపు తిరిగింది. మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. "కొడుకుని సంపేసుకుంటన్నాను గావాల దమయంతీ" అంది. ఆమె నన్ను ఏదైనా అడిగినట్టు మాట్లాడటం అదే మొదటిసారి. నేను కంచం ఆమె చేతికిచ్చాను. అన్నం తిననంత మాత్రాన అల్లుడు తలుపు తీయడని చెప్పాను.

6. సోమవారం

పంచాంగం ముందేసుకుని కూర్చున్నాను. వర్జ్యాలు, దుర్ముహూర్తాలు, రాహుకాలం, యమగండం అన్నీ కొట్టేస్తూ వచ్చాను. ఉత్తరానికి పనికిరాని రోజులు తీసేశాను. అమావాస్య తీసేశాను. ఎవరైనా తుమ్మడానికి వీలున్న సమయం కూడా తీసేద్దామనుకున్నాను గానీ అప్పుడిక ఏమీ మిగలదు. మిగిలినవన్నీ కలిపితే ఒకామె చీర కట్టుకుని ముస్తాబయ్యేంత సమయం ఉంది. ఆ కాసేపట్లోనే పండమని తోటకు ఎవరు చెబుతారు?

"అత్తమ్మా, మీ చిన్నప్పుడు వర్జ్యంలో ఎవరూ ఊరికి వెళ్లలేదా?" అని అడిగాను. ఎత్తిపొడుద్దామనే అడిగాను.

"ఎల్లకేం? మా నాయిన యాపారస్తుడు. సరుకు వర్జ్యం సూసుకుని దిగుద్దేటి? పెస్తానం ఎట్టీసీవోడు."

"ప్రస్థానమా?"

"అదే. ఎల్లాల్సిన దిక్కున ఏరే ఇంట్లో మంచి గడియలో తన కండవా ఎట్టీసీవోడు. తన సొంత వస్తువు ముందెల్లిపోనాది గదా, పయానం అప్పుడే మొదలయిపోనట్టు. తరవాత ఎప్పుడెల్లినా దోసం నేదు."

  ఇద్దరం ఒకేసారి గది తలుపు వైపు చూశాం.

ఈ మాట అల్లుడికి తెలియదు. మా అత్త అడిగితే "అటువంటి పాఠం నా దగ్గర లేదు" అన్నాడు. ఒక్క ఇల్లు చెబితే సరిపోదు, అది నేర్చుకున్నాం. బృందంలో ఫోన్ చేశాను. ప్రతి ఇంట్లో పెద్దామెను యంత్రం ముందు కూర్చోబెట్టి ప్రస్థానం గురించి చెప్పించమన్నాను. ఆశ్చర్యమేమంటే, ఈ రేవుపట్నంలో ముసలివాళ్లంతా ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆవకాయలో నువ్వులనూనా వేరుశనగనూనా అన్నదాని మీద ఎన్నడూ కలవనివాళ్లు. రవణమ్మ అత్త అయితే వాళ్ల పెళ్లి కూడా ప్రస్థానం మీదే జరిగిందని పాడి మరీ చెప్పిందట.

7. ఆదివారం

ఈ ఉదయం అల్లుడు తనంతట తానే అన్నాడు: "ప్రస్థానం గురించి పెద్దలు ఏకాభిప్రాయంతో ఉన్నారు. సొంత వస్తువు, వెళ్లవలసిన దిక్కున, వేరే చోట, మంచి ఘడియలో ఉంచితే చెల్లుతుంది. వస్తువు వెనక్కి వస్తే చెల్లదు."

ఎస్తేరు వదినది మాకు ఉత్తరపు ఇల్లే. మంచి ఘడియ చూసుకుని ఆయన చొక్కా, తువ్వాలు సంచిలో పెట్టి తీసుకెళ్లాను. విషయం చెప్పాను.

"మా ఇంట్లో యేసుప్రభువు పటం కింద ఎడితే మీ దేవుడు ఒప్పుకుంటాడేటి?" అంది.

"దేవుడి సంగతి తర్వాత వదినా. అల్లుడు ఒప్పుకోవాలి."

ఆయన ఇప్పుడు ఒక ఊపిరికి ఒక్క మాటే మాట్లాడుతున్నాడు. సాయంత్రం పక్కన కూర్చుంటే "సొక్కా..." అన్నాడు. చాలాసేపటికి "మంచిదేనా?" అన్నాడు. పెళ్లిళ్లకు వేసుకునేదే పెట్టానని చెప్పాను.

8. మంగళవారం

మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు కడుగుతుంటే కబురు వచ్చింది. గదిలో అల్లుడే చదివాడు: "నూకరాజు గారి ఊపిరితిత్తులు పక్వానికి వచ్చాయి. నాలుగు గంటలు." గాలిబండి బయలుదేరిందని కూడా చెప్పాడు.

చేతులు తుడుచుకుని వెళ్లాను. చొక్కా వేశాను. మంగళవారం, ఉత్తరం, అయినా నాకు భయం లేదు, ప్రస్థానం ఉంది. అప్పుడే ఎస్తేరు వదిన నవ్వుతూ వచ్చింది. చేతిలో మా సంచి. లోపల అరిటాకులో చుట్టిన కేకు.

"మా సిన్న మనవరాలి పుట్టినరోజు వదినా. సంచి మూడు రోజులై నా దగ్గరే ఉంది, ఉత్తి సంచి ఇవ్వలేక కేకెట్టినాను. సొక్కా ఇస్త్రీ కూడా సేసినాను."

ఆమె తప్పు లేదు, వెనక్కి తేకూడదని నేనే చెప్పలేదు. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, ఎవరమైనా అంతే చేస్తాం. ఆ కేకు చూస్తే కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేదు. పైన మెత్తటి గులాబీ రంగు పువ్వు ఉంది.

"ప్రస్థానం వెనక్కి వచ్చింది" అన్నాడు అల్లుడు. "మంగళవారం ఉత్తరానికి వారశూల. గురువారం ప్రయత్నించండి."

ఎస్తేరు వదిన నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. సంచి మళ్లీ తీసుకుని పరిగెత్తబోయింది. "ఇప్పుడు వర్జ్యం. ఇప్పుడు పెట్టిన వస్తువు చెల్లదు" అన్నాడు. అల్లుడు అలిగితే పాతకాలంలో వాచీయో సైకిలో ఇచ్చేవారు. దీనికి ఏమివ్వాలి? నేను పలుగు తెస్తానన్నాను. గోడ పగిలినా పొట్ట తలుపు పగలదు, లోపల ఆయన గాలిగొట్టం కూడా దాంట్లోదే, అని నాకు తెలుసు. అయినా అన్నాను.

"ఆగే" అంది మా అత్త. కుర్చీ తెచ్చుకుని అల్లుడికి ఎదురుగా వేసుకుంది. పాఠం చెప్పేటప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది. డాబా మీద బండి దిగిన చప్పుడయింది.

"బాబూ, ఆ ఊపిరితిత్తులు ఎవరివి?"

"నూకరాజు గారివి."

"ఆడివేనా? ఇంకెవరివైనానా?"

"వారి పేరున నమోదయ్యాయి. వారివే."

"ఇప్పుడెక్కడున్నాయి?"

"ఆసుపత్రిలో."

"ఆసుపత్రి ఏ దిక్కు?"

"ఉత్తరం."

"తోట నించి ఎప్పుడు కదిపినారు?"

"నిన్న, సోమవారం, అమృతఘడియల్లో. తోటలో యంత్రం కూడా మర్యాదలు తెలిసినదే."

"మరేటి నాయినా" అంది మా అత్త, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "ఆడి సొంత వస్తువు. ఉత్తరాన. ఏరే సోట. మంచి గడియలో ముందెల్లి కూకుంది. మా నాయిన కండవా ఎట్టీవోడు, నా కొడుకు ఊపిరి ఎట్టినాడు. పెస్తానం కాదేటి?"

అల్లుడు బుస్సుమంటూనే ఉన్నాడు. నలభై వేల అత్తగార్లను అడుగుతున్నాడనుకుంటాను. ఎస్తేరు వదిన ముక్కును రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ధూళికో దేనికో తెలియదు. వదల్లేదు.

"ప్రస్థానం చెల్లుతుంది" అన్నాడు. తలుపు తెరుచుకుంది.

పెట్టె అందుకున్నాను. ఆయన్ని లేపాం. గడప దగ్గర వెనకనుంచి "వెళ్లొస్తాను అనండి" అన్నాడు అల్లుడు. ఆయన అటు తిరగనైనా తిరగలేదు. మేం మెట్లెక్కాక వదిన ముక్కు వదిలింది. ఆ తుమ్ము డాబా మీదకు వినబడింది.

9. ఆ నెల చివర, బుధవారం

చాలా రోజులు రాయలేదు. ఆసుపత్రిలో ఉన్నాం.

ఇవాళ ఇంటికి వచ్చాం. ఉప్మా చేశాను. ఆయన ఒక ముద్ద తిని, "ఉప్పు తక్కువైందే దమయంతీ, నువ్వెప్పుడూ ఇంతే, ఆసుపత్రిలో ఉప్పు లేకుండా పెట్టినారని ఇంట్లో కూడా లేకుండా పెడతావేటి, అల్లం కూడా పచ్చిగా ఉంది" అన్నాడు. ఎక్కడా ఆగలేదు. మా అత్తా నేనూ వంటింట్లో నిలబడి అంతా విన్నాం. కొడుకు ఇంకా ఏమైనా తిడతాడేమోనని ఆమె మళ్లీ గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చింది.

మండలి నుంచి ప్రకటన వచ్చింది. రోగుల సౌకర్యార్థం "శుభప్రస్థానం" అనే కొత్త సేవను ప్రవేశపెట్టారట. తొట్టి తోట నుంచి కదిలిన క్షణం నుంచే రోగి ప్రయాణం మొదలైనట్టు అన్ని యంత్రాలూ పరిగణిస్తాయి. సంప్రదాయానికీ విజ్ఞానానికీ వంతెన వేసిన డాక్టర్ తారకేశ్ గారికి సన్మానం. ఫొటోలో శాలువా కప్పుకుని ఉన్నారు. శాలువా మాత్రం ఉత్తరం నుంచే తెచ్చినట్టుంది. వర్జ్యం, వారశూల ఎప్పటిలాగే ఉంటాయి, ప్రజలు కంగారు పడవద్దని కింద చిన్న అక్షరాల్లో రాశారు.

రవణమ్మ భర్తకు నిన్న రెండోసారి కబురు వచ్చింది. వర్జ్యమే. తలుపు తెరుచుకుంది.

10. గురువారం

యంత్రాన్ని విప్పడానికి అదే అమ్మాయి వచ్చింది. ఇంకో ఇంటికి వెళ్తుందట. గోడకు నాలుగు పెద్ద కన్నాలు పడ్డాయి, సున్నం కొట్టించాలి.

మా ఆయన వసారాలో నిలబడి చూస్తున్నాడు. గుమ్మం దాటించేముందు అల్లుడు మా అత్త వైపు తిరిగినట్టు అనిపించింది, తీసుకెళ్లేవాళ్లు అటు తిప్పారంతే.

"అమ్మమ్మగారూ, మీరు నేర్పినవన్నీ గుర్తుంటాయి. వెళ్లొస్తాను."

నా పెళ్లయినప్పటి నుంచి ఈ ఇంటి గుమ్మం దాటేవాళ్లెవరినీ మా అత్త మళ్లీ రమ్మనకుండా పంపింది లేదు. పాలవాడినైనా "ఎల్లిరా బాబూ" అనే పంపేది. ఆమె ద్వారబంధం మీద చేయి వేసి, దాని వైపు చూసింది.

"వొద్దు బాబూ" అంది. "ఎల్లిపో."